ముట్టుకోని సోల్డర్‌కే ధర: పాత గిటార్ పికప్‌లపై మీ ప్రశ్నలు, మా జవాబులు

పాత ఎలక్ట్రిక్ గిటార్ పికప్‌లు అమ్మితే ఎంత వస్తుందని అడుగుతూ వచ్చిన ఉత్తరాల్లో ఎనిమిదింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం. ఈ లోకం కొత్తయినవారికి ఒక్క మాట. పికప్ అంటే గిటార్ స్ట్రింగ్స్ కింద ఉండే అయస్కాంతం, దానికి వేల చుట్లు చుట్టిన వెంట్రుకలాంటి రాగి వైరు. ఉక్కు స్ట్రింగ్ కదిలితే ఆ కాయిల్‌లో కరెంటు పుడుతుంది. ఆంప్లిఫైయర్‌కి వెళ్లేది అదే.

ప్రశ్న: అన్నయ్య అమెరికా నుంచి తెచ్చిన గిబ్సన్ కంపెనీ గిటార్‌లోంచి తీసిన రెండు హంబకర్ (జంట కాయిళ్ల) పికప్‌లు నా దగ్గరున్నాయి. వెనక చిన్న స్టిక్కర్ మీద పేటెంట్ నంబర్ 2,737,842 అని ఉంది. నెట్‌లో చూస్తే ఒకడు చెప్పే ధరకి ఇంకొకడు మూడింతలు చెబుతున్నాడు. ఏది నమ్మాలి?
— హైదరాబాద్ పాఠకుడు

జవాబు: అడిగే ధర ఏదీ నమ్మకండి. అమ్ముడైన ధరలే లెక్క. అయితే ముందు మీ చేతిలో ఉన్నదేమిటో తేలాలి.

స్టిక్కర్ మీది ఆ నంబర్ నిజానికి పికప్‌ది కాదు. అది గిటారిస్ట్ లెస్ పాల్ పేరున ఉన్న టెయిల్‌పీస్ (స్ట్రింగ్స్ చివర్లు పట్టి ఉంచే భాగం) పేటెంట్. గిబ్సన్ ఇంజినీర్ సెత్ లవర్ హంబకర్‌కి 1955 జూన్‌లో దరఖాస్తు పెట్టాడు, 1959 జూలైలో 2,896,491 నంబర్‌తో పేటెంట్ వచ్చింది. అయినా గిబ్సన్ 1962 దాకా ‘పేటెంట్ అప్లైడ్ ఫర్’ స్టిక్కరే అంటించింది. పీఏఎఫ్ అని పిలిచేది ఆ తొలి తరాన్నే. తర్వాత వచ్చిన స్టిక్కర్ మీద టెయిల్‌పీస్ నంబర్ వేసింది. కాబట్టి నంబర్ తప్పుగా ఉందని కంగారు పడనక్కర్లేదు. మీ స్టిక్కర్ మీద అదే ఉండాలి.

ఈ నంబర్ స్టిక్కర్ 1962 చివరి నుంచి 1970ల నడిమిదాకా నడిచింది. ఒకే స్టిక్కర్ కింద రెండు రకాల సరుకు ఉందన్నమాట. తొలి మూడేళ్లవి దాదాపు పీఏఎఫ్ భాగాలతోనే తయారయ్యాయి. 1965 ప్రాంతం నుంచి వచ్చినవాటిలో కాయిల్ చుట్టే ప్లాస్టిక్ బాబిన్ పైన ఇంగ్లిష్ ‘టీ’ అక్షరం ఉబ్బెత్తుగా ఉంటుంది. వీటిని టీ-టాప్ అంటారు. మీరు చూసిన మూడింతల తేడాకి చాలావరకు కారణం ఇదే. తొలి రకం కోసం కొనేవాళ్లు ఎగబడతారు, టీ-టాప్‌లు వందల డాలర్ల స్థాయిలో నిలకడగా అమ్ముడవుతుంటాయి.

లోహపు కవర్ ముందే తీసేసి ఉంటే ఆ అక్షరం ఉందో లేదో చూడండి. కవర్ ఉంటే దాని జోలికి పోకుండా పూత చూడండి. 1965 ప్రాంతంలో గిబ్సన్ నికెల్ పూత వదిలి క్రోమ్‌కి మారింది. నికెల్ పాతబడితే మసకబారి, కొంచెం పసుపు కలిసిన బూడిద రంగుకి వస్తుంది. క్రోమ్ అరవై ఏళ్ల తర్వాత కూడా నీలిఛాయతో అద్దంలా ఉంటుంది. బంగారు పూత ఉంటే మాత్రం ఈ పరీక్ష పనికిరాదు. అన్నయ్య గిటార్ ఇంకా ఇంట్లో ఉంటే దాని వాల్యూమ్ పాట్ల (నాబ్ కింద తిరిగే భాగాల) వెనక కొట్టిన కోడ్ కూడా రాసుకోండి. 1376533 అని ఉంటే 137 అంటే సీటీఎస్ కంపెనీ, 65 అంటే 1965, 33 అంటే ఆ ఏడాది 33వ వారం. గిటార్ ఆ తేదీకి ముందు తయారైంది కాదని అది చెబుతుంది.

ఇక ధర. ఈబేలో వెతికాక ‘సోల్డ్ ఐటమ్స్’ ఫిల్టర్ పెట్టండి, సంగీత వాయిద్యాలు అమ్మే రివర్బ్ సైట్‌లోనూ అమ్ముడైనవే చూడండి. గత ఆరు నెలల్లో అచ్చం మీలాంటివి కనీసం ఆరు పట్టుకోండి. అచ్చం అంటే అదే స్టిక్కర్, అదే పూత, కవర్ తీయనిది, వైరు పొడవు తగ్గనిది, మళ్లీ చుట్టనిది. ఈబేలో ధర మీద అడ్డగీత, పక్కన ‘బెస్ట్ ఆఫర్ యాక్సెప్టెడ్’ అని ఉంటే ఆ అంకె వదిలేయండి. కొట్టేసిన ధర అడిగినది, ఇచ్చింది అంతకన్నా తక్కువ. ఎంత తక్కువో పైకి కనిపించదు.

మాటవరుసకి 240, 265, 280, 290, 310, 450 డాలర్లకి ఆరు అమ్ముడయ్యాయనుకుందాం. సగటు కట్టకండి, ఆ ఒక్క 450 అన్నిటినీ పైకి లాగేస్తుంది. పెట్టెతో సహా వచ్చిందో, ఇద్దరు పోటీపడి పెంచారో మనకు తెలియదు. వరుసగా పేర్చి నడిమి రెండింటికి, అంటే 280, 290లకి, మధ్య అంకె తీసుకుంటే 285. ఇందులో వేదిక కమీషన్, చెల్లింపు రుసుం కలిపి పది శాతం పోతుందనుకుంటే 256.50. పార్సిల్‌కి 30 తీస్తే చేతికొచ్చేది 226.50. ఇక్కడే హైదరాబాద్‌లో ఎవరైనా ఆ మొత్తానికి సరిపడా రూపాయలు నేరుగా ఇస్తానంటే బేరం కుదిరినట్టే.

రెండింటినీ జతగా అమ్మండి. ఒకే గిటార్‌లోంచి వచ్చిన జత అని ఫొటోలతో చూపగలిగితే విడివిడిగా వచ్చేదానికన్నా కొంచెం ఎక్కువే పలుకుతుంది.

ప్రశ్న: మే నెలలో మల్టీమీటర్‌తో కొలిస్తే నా హంబకర్ 8.12 కిలో ఓములు చూపింది. అదే రాసి అమ్మాను. అమెరికాలో కొన్నాయన 7.6 మాత్రమే వస్తోందని, మోసం చేశానని అంటున్నాడు. పికప్ దారిలో పాడైందా?
— విజయవాడ పాఠకుడు

జవాబు: పికప్ పాడవలేదు, మీరు మోసమూ చేయలేదు. తేడా బెజవాడ ఎండది.

రాగి వేడెక్కితే దాని నిరోధం పెరుగుతుంది. డిగ్రీ సెల్సియస్‌కి దాదాపు 0.393 శాతం. ఆయన గది 20 డిగ్రీలు, మీ గది 38 డిగ్రీలు అనుకుంటే మీ దగ్గర 18 ఎక్కువ. 18ని 0.00393తో గుణిస్తే 0.0707. 8.12ని 1.0707తో భాగిస్తే 7.58. ఆయన ఇంట్లో 7.6 రావడం లెక్కకి సరిగ్గా సరిపోయింది. ఈ నాలుగు అంకెలూ ఆయనకి రాసి పంపండి. ఇకమీదట రీడింగ్ పక్కన గది ఉష్ణోగ్రత కూడా రాయండి, లేదా ఏసీ గదిలో రెండు గంటలు ఉంచి కొలవండి. సోల్డరింగ్ చేసిన వెంటనే అస్సలు కొలవకండి.

పికప్ గిటార్‌లోనే ఉండగా జాక్ దగ్గర కొలిచేవారికి ఇంకో సంగతి. వాల్యూమ్ పాట్ కాయిల్‌కి సమాంతరంగా కలిసి ఉంటుంది కాబట్టి అసలుకన్నా తక్కువ చూపుతుంది. 8 కిలో ఓముల హంబకర్‌కి 500 కిలో ఓముల పాట్ ఉంటే 7.87 వస్తుంది. 6 కిలో ఓముల స్ట్రాట్ (ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్ గిటార్) పికప్‌కి 250 పాట్ ఉంటే 5.86. వాల్యూమ్ పూర్తిగా తిప్పి, స్విచ్ ఒకే పికప్ మీద పెట్టి కొలవాలి. స్విచ్ మధ్యలో ఉండి రెండూ కలిస్తే సగమే చూపుతుంది. అది చూసి ‘కాయిల్ పోయింది’ అని రాసి చవగ్గా అమ్మేసుకునేవాళ్లున్నారు. మీటర్ 20 కె రేంజ్‌లో ఉండాలి, కొలిచేటప్పుడు పికప్ దగ్గర స్క్రూడ్రైవర్ కదపకూడదు. కదిపితే కాయిల్‌లో వోల్టేజి పుట్టి అంకెలు గంతులేస్తాయి.

ఇంత చెప్పాక ఒక మాట అనాలి: నిరోధం ఒక్కటే చూసి పికప్ మంచిచెడ్డలు తేల్చడం సంత అలవాటే తప్ప శాస్త్రం కాదు. కొన్ని చుట్లు లోపల షార్ట్ అయితే నిరోధం దాదాపు మామూలుగానే ఉండి, స్వరం మాత్రం పలచబడుతుంది. ఇండక్టెన్స్ కొలిచే ఎల్‌సీఆర్ మీటర్ దాన్ని పట్టేస్తుంది. స్ట్రాట్ పికప్‌కి రెండు హెన్రీలకి కొంచెం పైన, పాత గిబ్సన్ హంబకర్‌కి నాలుగు నుంచి ఐదు హెన్రీల మధ్య రావాలి. ఖరీదైన సరుకు అమ్మేవారు రెండు అంకెలూ ఇస్తే బేరంలో గొడవ ఉండదు.

ప్రశ్న: 1960ల నాటి ఫెండర్ స్ట్రాటోకాస్టర్ పికప్ ఒకటి మీటర్‌లో ‘ఓపెన్’, అంటే వైరు ఎక్కడో తెగినట్టు, చూపిస్తోంది. మా ఊళ్లో ఫ్యాన్ కాయిళ్లు, మోటార్లు చుట్టే మేస్త్రీ ఉన్నాడు, చేయి మంచిది. 42 గేజ్ వైరుతో చుట్టించి అమ్మవచ్చా?
— రాజమహేంద్రవరం పాఠకుడు

జవాబు: ఆగండి. మేస్త్రీ చేతిలో తప్పేం లేదు, గేజ్‌లోనే చిక్కుంది. పికప్ పుస్తకాల్లో రాసే 42 అమెరికన్ గేజ్, అంటే 0.063 మిల్లీమీటర్లు. మన వైండింగ్ షాపుల్లో వాడేది బ్రిటిష్ గేజ్, ఎస్‌డబ్ల్యూజీ. అందులో 42 అంటే 0.10 మిల్లీమీటర్లు. పేరు ఒకటే అయినా రాగి మందం, అంటే అడ్డుకోత వైశాల్యం, రెండున్నర రెట్లు. స్ట్రాట్ బాబిన్‌కి సుమారు 8,000 చుట్లు కావాలి, ఆ లావు వైరుతో అందులో సగం కూడా పట్టవు. మన లెక్కలో దానికి దగ్గరగా ఉండేది 46 నంబర్. అదీగాక ఈ వైరు చేతిలో సాలెగూడులా తెగుతుంది. మోటార్ వైండింగ్‌లో పెట్టే బిగువు పెడితే వంద చుట్లు కూడా దాటదు.

చుట్టించే ఆలోచనకి ముందు తెగింది ఎక్కడో చూడండి. పికప్ అడుగున ఫైబర్ పలక మీద రెండు చిన్న లోహపు కన్నాలుంటాయి. కాయిల్ రెండు కొసలూ అక్కడికే వచ్చి సోల్డర్ అవుతాయి. పది రెట్ల భూతద్దంతో చూడండి. ఓపెన్ అయిన పాత ఫెండర్ పికప్‌లలో చాలావాటికి జబ్బు ఆ కొసల దగ్గరే. ఎవరో పాత వైరు మార్చేటప్పుడు తెంపేసి ఉంటారు. తెగింది బయటి కొస అయితే ఒక్క చుట్టు విప్పి, ఆ కొస మీది పూతని 600 నంబర్ ఎమరీ కాగితంతో మెల్లగా గీకి, మళ్లీ సోల్డర్ చేస్తే చాలు. 1964కి ముందటి పికప్‌ల ఫార్మ్‌వార్ పూత సోల్డర్ వేడికి దానంతటది పోదు, గీకాల్సిందే. ఇలా బతికిన పికప్‌ని ‘కొస మాత్రమే సరిచేశాం, కాయిల్ అసలుదే’ అని రాసి అమ్మితే పెద్దగా కోత పడదు.

తెగింది లోపలి కొస అయితే కష్టం. ఫెండర్‌లో కాయిల్‌ని నేరుగా అయస్కాంతపు కడ్డీల మీదే చుట్టారు, మధ్యలో ఉండేది లక్కలాంటి పలచటి పూత ఒక్కటే. గోదావరి జిల్లాల తేమకి కడ్డీ తుప్పుపట్టి ఆ పూతని చీల్చుకుని రాగిని తినేస్తుంది. కాయిల్ మీద పచ్చటి చిలుము చుక్కలు కనిపిస్తే చాలాచోట్ల తెగి ఉండొచ్చు. ఆ కడ్డీలని పైకో కిందకో నెట్టి చూద్దామని మాత్రం అనుకోకండి, మిగిలిన లోపలి చుట్లు కూడా తెగుతాయి.

నా సలహా: చుట్టించకుండా ఉన్నదున్నట్టే అమ్మండి. చచ్చిన ఫెండర్ పికప్‌కి కూడా గిరాకీ ఉంది. అసలు ఫైబర్ పలకలు, అసలు అయస్కాంతాలు, పెన్సిల్‌తోనో సిరాతోనో వేసిన తేదీ ఉంటే దాన్ని తమకు నచ్చిన వైండర్ దగ్గర చుట్టించుకునేవాళ్లు కొంటారు. మీరు చుట్టించి అమ్మినా, మంచి నిపుణుడే చుట్టినా, అసలు కాయిల్ ఉన్న పికప్ ధరలో సగానికి అటూఇటూగా పడిపోవడం మామూలే. చుట్టుకూలీ మీ చేతి చమురు. మళ్లీ చుట్టిన సంగతి దాచి అమ్మే వీలూ లేదు. 1964 తొలినాళ్ల దాకా ఫార్మ్‌వార్ వైరు బంగారు రంగు రాగిలా మెరుస్తుంది, ఆ తర్వాతి ఎనామిల్ వైరు ముదురు వంగపండు రంగులో ఉంటుంది. అడుగు పలక కూడా అదే ఏడాది నలుపు నుంచి బూడిద రంగుకి మారింది. నల్ల పలక మీద వంగపండు రంగు కాయిల్ కనిపించగానే తెలిసినవాడు ప్రశ్న వేస్తాడు.

మూడు పికప్‌ల సెట్టు అంటూ ఎవరైనా మీకు అమ్మజూపితే చిన్న దిక్సూచి తీసుకెళ్లండి. 1950, 60ల స్ట్రాట్‌లలో మూడింటి ధ్రువమూ ఒకటే. నడిమిది ఒక్కటే ఎదురు తిరిగితే ఆ సెట్టు ఎవరో ఏరి కూర్చిందే. తీసి దాచేటప్పుడు కూడా పికప్‌లని ముఖాముఖి ఒత్తి పెట్టకండి, వికర్షించుకునే ధ్రువాలు ఎదురుపడితే పాత ఆల్నికో (అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిసిన లోహం) అయస్కాంతపు కడ్డీల బలం తగ్గుతుంది.

ప్రశ్న: ఇక్కడ ఒక గరాజ్ సేల్‌లో 1970ల గిటార్ కొన్నాను. కవర్ లేని పికప్‌లు, రెండు బాబిన్లూ మీగడ రంగు. ‘డబుల్ వైట్ పీఏఎఫ్’ అయితే వేల డాలర్లట కదా?
— డాలస్ నుంచి తెలుగు పాఠకురాలు

జవాబు: స్క్రూలు చూడండి. పీఏఎఫ్‌లో ఒక వరస గాడి ఉన్న స్క్రూలు, రెండో వరస నున్నటి గుండ్రటి కడ్డీ తలలు. రెండు వరసల్లోనూ ఆరుపలకల గుంటతో అలెన్ కీ పట్టే స్క్రూలు పన్నెండు ఉంటే అది డిమార్జియో సూపర్ డిస్టార్షన్. 1972లో వచ్చింది, పాత పికప్ తీసి కొత్తది పెట్టుకునే వ్యాపారానికి దారి తీసింది అదే. నిరోధం 13 కిలో ఓముల పైన ఉంటే ఇక సందేహమే లేదు, పీఏఎఫ్‌లు 7 నుంచి 9 మధ్యలో ఉంటాయి. రెండు బాబిన్లూ మీగడ రంగులో ఉండటం అమెరికాలో డిమార్జియో ట్రేడ్‌మార్క్ కూడా, అందుకే ఆ రంగు అంత తరచుగా కనిపిస్తుంది. 70ల సూపర్ డిస్టార్షన్‌కీ కొనేవాళ్లున్నారు, కానీ మీరనుకున్న వేల సంగతి మరిచిపోండి.

నిజమైన మీగడ రంగు పీఏఎఫ్‌లు 1959–60 ప్రాంతంలో బాబిన్లకి నల్ల ప్లాస్టిక్‌తో పాటు ఆ రంగూ వాడటంవల్ల వచ్చాయి. ఒకటి నలుపు, ఒకటి మీగడ వస్తే జీబ్రా. అన్నిట్లోకీ ఖరీదు రెండూ మీగడ రంగైనవే.

ప్రశ్న: కవర్‌తో ఉన్న పీఏఎఫ్ ఒకటి నాకు అమ్మజూపుతున్నారు. లోపల మీగడ రంగు ఉందేమో కవర్ తీసి చూడమంటున్నారు మిత్రులు. స్టిక్కర్ బాగానే ఉంది.
— బెంగళూరు పాఠకుడు

జవాబు: తీయకండి. కవర్ అంచుని అడుగు పలకకి కలిపే రెండు సోల్డర్ చుక్కలూ ఫ్యాక్టరీలో పడ్డట్టే ఉండటం ఈ పికప్‌కి ఉన్న అసలు ఆస్తి. ఎవరూ లోపల చెయ్యి పెట్టలేదని, వైరు, అయస్కాంతం మారలేదని అవే సాక్ష్యం. తీశాక లోపల నల్ల బాబిన్లు కనిపిస్తే కొండను తవ్వి ఎలుకను పట్టినట్టే, పైగా ఆ సాక్ష్యం చేతులారా పోగొట్టుకుంటారు.

రంగు చూడటానికి వేరే దారి ఉంది. కవర్ పైన సర్దుకునే ఆరు స్క్రూల్లో ఒకదాన్ని పూర్తిగా విప్పి తీసి, ఆ కన్నంలోకి చిన్న టార్చి వేస్తే ఒక బాబిన్ రంగు తెలుస్తుంది. రెండోదాని కోసం పికప్ తిరగేసి, బాబిన్లని పట్టి ఉంచే నాలుగు ఇత్తడి స్క్రూల్లో ఆ వైపుది ఒక్కటి మాత్రమే తీసి చూడండి. తర్వాత యథాస్థానంలో బిగించండి, గట్టిగా తిప్పితే ప్లాస్టిక్ మరలు పోతాయి. రెండు స్క్రూలు ఒకేసారి తీయకండి. ఇదంతా అమ్మేవారి ఎదుటే, వారి అనుమతితోనే.

స్టిక్కర్ బాగుందని మురిసిపోకండి. నల్ల నేల మీద బంగారు అక్షరాల ఆ స్టిక్కర్‌కి నకళ్లు బాగా చవగ్గా దొరుకుతాయి. పందిని నంది చేయడానికి ముందు వాడేది దాన్నే. టీ-టాప్ మీద ఈ స్టిక్కర్ అంటించి అమ్మడం పాత విద్య. స్టిక్కర్ చివరి సాక్షి మాత్రమే. ముందు అడగాల్సినవి: సోల్డర్ చుక్కలు మసకగా, ఒకే రంగులో ఉన్నాయా, లేక మెరుపూ పక్కన కొత్త ఫ్లక్స్ మరకలూ ఉన్నాయా? పికప్ నుంచి బయటికొచ్చే అల్లిక వైరు పొట్టిగా కోసి ఉందా? అడుగు పలక కాళ్ల మీద అచ్చుపోసినప్పటి గీత కనిపిస్తోందా, కవర్ నికెల్ అరుగుదల సహజంగా చేతి రాపిడి పడేచోటే ఉందా? స్టిక్కరే లేని పీఏఎఫ్‌లూ ఉన్నాయి, మొదట్లో వచ్చినవాటికి అసలు అంటించలేదు.

ఒక్కోటి ఒక్కో రీడింగ్ చూపితే అనుమానించకండి. అప్పటి చుట్టే యంత్రం నిర్ణీత సంఖ్య దగ్గర దానంతటది ఆగేది కాదు, మనిషి ఆపేవారు. అయస్కాంతాలు కూడా ఆల్నికో రకాల్లో ఏది చేతికొస్తే అది వేశారు. 1961 తర్వాతే పొట్టి ఆల్నికో 5కి స్థిరపడ్డారు.

కొన్నాక స్వరం కూత పెడుతోందని మైనంలో ముంచే పని పెట్టుకోకండి. పీఏఎఫ్‌ని గిబ్సన్ మైనంలో ముంచలేదు. ముంచినదాన్ని తర్వాత కొనేవాడు సగం మనసుతోనే చూస్తాడు.

ప్రశ్న: మా బాబాయి పెళ్లి ఆర్కెస్ట్రాలో వాయించిన పాత జపాన్ గిటార్ అటకమీద దొరికింది. మెడ వంగిపోయింది. పికప్‌ల మీద బంగారు రేకులాంటిది ఉంది. ఇనప్పాతకేనా?
— కాకినాడ పాఠకుడు

జవాబు: ఇనప్పాతకి వేయకండి. గిటార్‌కన్నా ఆ పికప్‌లకే గిరాకీ. జపాన్ టీస్కో కంపెనీ 1960ల్లో రకరకాల పేర్ల మీద చవక గిటార్లు చేసి ప్రపంచమంతా పంపింది. అమెరికన్ గిటారిస్ట్ రై కూడర్ తన స్ట్రాటోకాస్టర్‌లో టీస్కో గోల్డ్ ఫాయిల్ పికప్ పెట్టుకున్నాక ‘కూడర్‌కాస్టర్’ అనే పేరే పుట్టింది, అప్పటిదాకా చిల్లర సరుకైన వీటి ధర అక్కడినుంచి పైకి లేచింది.

అన్ని బంగారు రేకులూ ఒకటి కావు. ఒహాయోలోని టొలీడోలో తయారైన డిఆర్మండ్ గోల్డ్ ఫాయిల్స్ వేరు, హార్మనీ గిటార్లలో వచ్చేవి అవే. టీస్కోలోనే లోపలి అయస్కాంతం, కాయిల్ అమరిక, బిగించే చెవుల ఆకారం రకరకాలు. అందుకే ‘గోల్డ్ ఫాయిల్’ అని వెతికితే ధర తేలదు. పికప్ పై అంచు చుట్టూ ఉన్న చట్రం, రేకు మీది నమూనా, స్క్రూ కన్నాల మధ్య దూరం మిల్లీమీటర్లలో, ఈ మూడూ సరిపోయేవే పోల్చండి.

పనిచేస్తోందో లేదో తెలుసుకోవడం తేలిక. గిటార్‌ని ఆంప్‌కి తగిలించి, వాల్యూమ్ తక్కువలో పెట్టి, స్క్రూడ్రైవర్ మొనతో పికప్ పైన మెల్లగా తట్టండి. ‘టక్’ మంటే ప్రాణం ఉంది. చప్పుడు రాకపోతే పికప్‌ని తిట్టకుండా ముందు స్విచ్‌లని అనుమానించండి. అటకమీది దుమ్ముతో కాంటాక్టులు నల్లబడి ఉంటాయి. పికప్ వైర్ల దగ్గర నేరుగా మీటర్ పెట్టి కొలవండి. రేకుని రుద్దకండి, బ్రాసో అసలు వద్దు, పొడి మెత్తటి బ్రష్ చాలు. రేకు సొట్టపడినా, చినిగినా ధర వెంటనే దిగుతుంది. చట్రాలు, అసలు స్క్రూలు, స్విచ్ పలక అన్నీ ఒక డబ్బాలో వేసి కలిపి అమ్మండి, ఒక్కో స్క్రూ కోసం వెతికేవాళ్లున్నారు. బాబాయి గారు ఆ గిటార్‌తో వాయిస్తున్న ఫొటో ఏదైనా ఉంటే దాన్ని మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి, ధర పెంచదు.

ప్రశ్న: 60ల నడిమి నాటి గిబ్సన్ ఈఎస్-335 గిటార్ నా దగ్గరుంది. పికప్‌లు తీసి అమ్మి, కొత్తవి పెట్టి గిటార్ విడిగా అమ్మితే ఎక్కువ వస్తుందా?
— న్యూజెర్సీ పాఠకుడు

జవాబు: గిటార్ ఎక్కడా చెయ్యి పడనిదైతే విడగొట్టకండి. సోల్డర్ ఒక్కసారి కరిగిందంటే ‘ఆల్ ఒరిజినల్’ అన్న రెండు మాటలు రాసే హక్కు పోతుంది. ఆ మాటల ఖరీదు పికప్‌ల ఖరీదుకన్నా ఎక్కువే ఉంటుంది. విడగొట్టడం లెక్కకి వచ్చేది మెడ విరిగి అతికినవాటికి, రంగు మళ్లీ వేసినవాటికి, ట్యూనర్ల కోసం కొత్త కన్నాలు తొలిచినవాటికి. అలాంటివాటిలోనూ పికప్‌లు, పాట్లు, స్విచ్, జాక్ అన్నిటినీ కలిపి ఒకే హార్నెస్‌గా, వైరు ఎక్కడా కోయకుండా బయటికి తీసి అమ్మితే పాట్ల కోడ్లే పికప్‌ల వయసుకి హామీ అవుతాయి. తీయకముందు లోపలి భాగం ఫొటోలు తీయడం మరిచిపోకండి.

ప్రశ్న: ఇండియా నుంచి అమెరికాకో జపాన్‌కో పికప్ అమ్మి పంపడానికి పాత వస్తువుల చట్టం అడ్డమా? పార్సిల్ ఎలా చేయాలి?
— గుంటూరు పాఠకురాలు

జవాబు: 1972 నాటి పురావస్తువుల చట్టం మామూలుగా వందేళ్లు దాటిన వస్తువులకే. ఎలక్ట్రిక్ గిటార్ పికప్ ఏదీ ఇంకా ఆ వయసుకి రాలేదు, భయం లేదు. కస్టమ్స్ ఫారంలో ‘ఎలక్ట్రిక్ గిటార్ విడిభాగం, వాడినది’ అని రాసి, సరుకు రకాన్ని చెప్పే హెచ్‌ఎస్ కోడ్ 9209.94 వేయండి. నిజమైన ధరే రాయండి. తక్కువ రాస్తే పార్సిల్ పోయినప్పుడు నష్టపరిహారం కూడా తక్కువే వస్తుంది. అవతలి దేశపు సుంకం కొనేవారిదేనని ప్రకటనలోనే చెప్పండి.

పికప్‌ని గట్టి ప్లాస్టిక్ డబ్బాలో, పైనా కిందా స్పాంజితో పెట్టండి. వైరుని మడవకుండా వదులుగా గుండ్రంగా చుట్టండి, మడత పడ్డచోటే పాత గుడ్డ తొడుగు విరుగుతుంది. స్టిక్కర్ మీద సెల్లోటేప్ తగలకూడదు, తీసేటప్పుడు బంగారు అక్షరాలు టేపుతో పాటే వస్తాయి. డబ్బా మూసేముందు పికప్ ముందు, వెనక, నాలుగు పక్కలు, సోల్డర్ చుక్కలు దగ్గరగా, మీటర్ రీడింగ్‌తో ఒకటి, ఇలా ఎనిమిది ఫొటోలు తీయండి. తిరిగి పంపేటప్పుడు వేరే పికప్ పెట్టి పంపేవాళ్లుంటారు, అప్పుడు సోల్డర్ చుక్క ఆకారమే మీ వేలిముద్ర.

ఇక్కడే అమ్ముతుంటే, డబ్బు పంపడానికి క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టమనేవాడికి ఫోన్ పెట్టేయండి. పిన్ కొట్టేది డబ్బు ఇవ్వడానికే, తీసుకోవడానికి కాదు.